ముందు చక్రం బేరింగు

నల్లరాళ్లపల్లి రొద్దానికి అవతల, పెన్న ఒడ్డునే ఉంటుంది. ఒడ్డున ఉన్నా ఆ ఊరివాళ్లు ఏటిలో నీళ్లు చూసేది ఏడాదికి పది పదిహేను రోజులు. మిగతా రోజుల్లో అది ఫర్లాంగు వెడల్పున ఇసుక. అరవై అయిదులో ఆ పది రోజులు కూడా రాలేదు. మరుసటి శివరాత్రికి ఊరిబావి అడుగున బురద కనిపించింది. ఉగాదికి ఆ బురద ఎండి నెర్రెలిచ్చింది. ఇసుకలో తవ్విన చెలమలు నిలువు లోతుకు దిగాయి. తర్వాత అవీ ఊరడం మానేశాయి.

నీళ్లు మిగిలింది ఏటి అవతల, మూడు మైళ్ల దూరంలో లక్ష్మీనారాయణ తోటబావిలో. ఆయన తోడుకోండన్నాడు, కానీ తెచ్చుకోవడం ఎలా? మేత లేక చాలామంది ఎద్దుల్ని హిందూపురం సంతలో అమ్మేశారు. మిగిలిన ఎద్దులకు నీళ్ల డ్రమ్ములున్న బండిని ఇసుకలో లాగే సత్తువ లేదు. అందుకని ఆ పని సంజీవప్ప జీపు మీద పడింది.

ఆ జీపు రెండో ప్రపంచ యుద్ధం నాటిది. మిలిటరీవాళ్లు వదిలేసిన బండ్లను బెంగళూరులో వేలం వేస్తుంటే సంజీవప్ప తండ్రి రామప్ప పోయి కొనుక్కొచ్చాడు. ఇసుకలో లారీ కూడా దిగబడే చోట అది నాలుగు చక్రాలతోనూ లాక్కుని బయటపడేది. నాయన చనిపోయాక బండీ, దాని రోగాలూ కొడుక్కి వచ్చాయి. రిపేరుకు హిందూపురం ఈడ్చుకుపోవాలంటే ఇరవై మైళ్లు. అందుకని సంజీవప్ప కొట్టంలోనే విప్పి చూసి, మళ్లీ బిగించి, రెండోసారి విప్పి, అలాగే పని నేర్చుకున్నాడు. నలభై ఆరేళ్ల వయసుకు అతని చేతుల గీతల్లో గ్రీజు పోకుండా నిలిచిపోయింది.

వెనక సీట్లు తీసేసి ఒక డ్రమ్ము, ట్రైలర్లో రెండు డ్రమ్ములు పెట్టాడు. పెట్రోలు సంగతి ఊరివాళ్లే చూసుకున్నారు. రోజుకు అయిదు తడవలు. బావి దగ్గర తోడి నింపేసరికి ఒక గంట, ఇసుక దాటేసరికి ఇంజను కాగి రేడియేటరు ఉడుకుతూ ఉండేది. మోసే నీళ్లలోనుంచే దానికీ రెండు చెంబులు పోసేవాడు.

అసలు పని పొద్దు వాలాక మొదలయ్యేది. ఇసుక సన్నగా చక్రాల్లోకి దూరి గ్రీజుతో కలిసి సాన రాయిలా అరగదీసేది. రోజు విడిచి రోజు జాకీ ఎత్తి, ముందు చక్రాలు ఊడదీసి, బేరింగులు కిరసనాయిల్లో కడిగి, కొత్త గ్రీజు కూరి బిగించాలి. అది అయ్యాక ఏదో ఒకటి ఉండనే ఉండేది. స్ప్రింగు పట్టీ విరిగితే తుమ్మచెక్క పెట్టి తాడుతో కట్టేవాడు. బ్రేకు నూనె కారేది. పొగగొట్టం ఊడి వేలాడేది. అన్నం తినేటప్పుడు ముద్ద ఎత్తాలంటే భుజం పట్టేసేది. భార్య రత్నమ్మ ఆముదం కాచి వీపుకు రాసేది. ఆమె చెయ్యి తగిలేసరికే అతను నిద్రలోకి జారుకునేవాడు.

ఇలా రెండు నెలలు గడిచాయి.

మే నెలలో ఒకరోజు మూడో తడవ ఆలస్యమైంది. ఏటి మధ్యలో ట్యూబు పగిలితే ఎండలో ఒక్కడే మార్చుకుని వచ్చాడు. డ్రమ్ముల దగ్గర బిందెలు బారుగా ఉన్నాయి. యల్లప్ప అనే రైతు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కోపంగా కూడా కాదు, ఊరికే అన్నట్టు, ‘ఏమప్పా, తోటలో నిద్రపోయి వస్తాండావా?’ అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. సంజీవప్ప డ్రమ్ములు ఖాళీ చేయించి బండి తిప్పాడు. మిగతా రెండు తడవలూ తోలాడు. ఆ సాయంత్రం మాత్రం జాకీ ముట్టుకోలేదు.

మర్నాడు తెల్లవారి బిందెలతో వచ్చిన ఆడవాళ్లకు అతను వాకిట్లోనే ఎదురై, ముందు చక్రం బేరింగు పోయిందని చెప్పాడు. హిందూపురంలో దొరకదన్నాడు. బెంగళూరు నుంచి తెప్పించాలి, వారమైనా పడుతుందన్నాడు. ఆ మాటలు ముందుగా అనుకున్నవి కావు. నాలుక చివర సిద్ధంగా ఉన్నట్టు వాటంతటవే వచ్చాయి. ఆడవాళ్లు కాసేపు నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, బిందెలు చంకన పెట్టుకుని ఏటివైపు నడిచారు. రత్నమ్మ కూడా లోపలికి పోయి బిందె తెచ్చుకుని వాళ్ల వెనకే పోయింది.

సంజీవప్ప లోపల మంచం మీద పడుకున్నాడు. చిన్నతనంలో కూడా అంత నిద్రపోయి ఉండడు. మధ్యాహ్నం లేచి గంజి తాగి మళ్లీ పడుకున్నాడు. రెండో రోజు కూడా అంతే. వీపు నొప్పి తగ్గింది, భుజం పట్టు వదిలింది. ఆ రోజు సాయంత్రం బయటికొచ్చి కూర్చుంటే నీళ్లకు పోయినవాళ్లు తిరిగి వస్తున్నారు. ఆరు మైళ్ల నడకకు ఒక్కొక్కరికి ఒక బిందె, అందులో పావువంతు దారిలోనే తొణికిపోయింది. వాళ్లలో హనుమమ్మ ఉంది. గొర్రెలు కాసే పోతులయ్య భార్య. ఆమె అరుగు దగ్గర బిందె దించి అలుపు తీర్చుకుంటోంది. పోతులయ్య నీళ్లకు రాలేదేమని సంజీవప్ప ఊరికే అడిగాడు.

‘నీ బండి సామానుకే పోయినాడు గదప్పా,’ అంది హనుమమ్మ. ‘నిన్న పొద్దున్నే పోయినాడు. నీ కొట్టం పక్కన పడేసిన పాత బేరింగు ఒగటి మాదిరికని తీసుకోనిపోయినాడు. గొర్రెలు పాయె, ఊరికే కూసోని ఏం జేద్దునంటాడు.’

హనుమమ్మ బిందె ఎత్తుకుని పోయింది. ఎండిన నేల మీద ఆమె పాదాల పక్కన నీటి బొట్లు పడి అప్పటికప్పుడే ఇంకిపోయాయి.

ఆ పూట సంజీవప్ప అన్నం సగంలోనే వదిలేశాడు. రత్నమ్మ కంచం తీస్తూ, గొంతు పెంచకుండా అంది: ‘జాకీ మొన్నటినుంచి గోడకే ఆనుకోనుండాది, చక్రం ఇప్పిందే లేదు. నాకు మొదటినాడే తెలుసు.’

‘తెలిసీ ఏమిటికి చెప్పలేదు?’

‘నీ మొగం జూసి చెప్పబుద్ధి గాలేదు. రెండు దినాలు పండుకోనీ అనుకున్యా. ఇంక లెయ్యి.’

మూడో రోజు పొద్దున అతను జీపు తీశాడు. అడిగినవాళ్లకు పాత బేరింగునే ఎలాగో సరిచేశానని మరో అబద్ధం చెప్పాడు. అందరూ సంతోషించారు. యల్లప్ప కూడా లేచి వచ్చి డ్రమ్ములు ఎత్తడానికి ఒక చెయ్యి వేశాడు. వాళ్లు సంతోషించే కొద్దీ అతనికి లోపల బరువెక్కింది. ఇసుకలో బండి మూలుగుతుంటే పోతులయ్య ఇప్పుడు ఎక్కడ ఉంటాడా అనే ఆలోచన తప్ప మరొకటి లేదు. హిందూపురంలో లేదంటే తిరిగి వచ్చేసి ఉండాలి కదా. రాలేదు.

నాలుగో రోజు రెండో తడవ నీళ్లతో తిరిగి వస్తుంటే ఏటి నడుమ ఒక మనిషి కనిపించాడు. భుజం మీద కంబళి, నెత్తికి గుడ్డ. కుడికాలు ఈడుస్తూ ఇసుకలో నిదానంగా ఊరివైపు పోతున్నాడు. జీపు చప్పుడు విని పోతులయ్య ఆగి వెనక్కి తిరిగాడు.

నీళ్ల బరువుతో ఏటి నడుమ బండి ఆపకూడదు. ఆపితే దిగబడుతుంది. సంజీవప్ప అది తెలిసీ ఆపాడు.

పోతులయ్య దగ్గరికి వచ్చి బండిని చూశాడు, చక్రాన్ని చూశాడు. మొహంలో నాలుగు రోజుల దుమ్ము. హిందూపురం అంగళ్లలో అడిగితే లేదన్నారట. అక్కడ రైలెక్కి ధర్మవరం పోయి లారీ షెడ్లన్నీ తిరిగాడట. ఒక మేస్త్రీ చచ్చిపోయిన జీపు నుంచి ఊడదీసి ఇచ్చాడట. పెనుకొండలో దిగి అక్కడినుంచి నడిచి వస్తున్నాడు. చెబుతూనే పంచె కొంగు ముడి విప్పి బేరింగు తీశాడు. మంచి బేరింగు. కిరసనాయిలుతో కడిగి, కాగితంలో చుట్టి ఇచ్చాడు ఆ మేస్త్రీ ఎవరో.

‘బండి నడుస్తాండాదే,’ అన్నాడు పోతులయ్య.

సంజీవప్ప స్టీరింగు మీద చేతులు తియ్యలేదు. ‘దానికి ఏమీ గాలేదు పోతులయ్యా. నేనే అట్ల చెప్పినా.’

‘ఏమిటికప్పా?’

‘చాతగాలేదు. రెండు దినాలు పండుకోవాలనిపిచ్చె.’

పోతులయ్య చేతిలోని బేరింగును వేలితో ఒకసారి తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరిగింది.

‘చాతగాలేదని చెప్పింటే సాలు గదప్పా,’ అన్నాడు చివరికి. ‘ఆ మాట మాకు తెలీని మాటనా?’

బేరింగు పక్క సీటులో పెట్టి, కంబళి సర్దుకుని, ఊరివైపు నడిచిపోయాడు. ఎక్కమని పిలవడానికి సంజీవప్పకు నోరు రాలేదు. గేరు వేసి కదిలించాడు. చక్రాలు నాలుగూ తిరిగాయి, బండి మాత్రం కిందికి దిగింది. మళ్లీ వేస్తే ఇంకా దిగింది. సంజీవప్ప బండి దిగి, మోకాళ్ల మీద కూర్చుని చేతులతోనే ఇసుక తవ్వసాగాడు. తవ్విన కొద్దీ పక్కనుంచి జారి పడుతోంది. ఎండకు ఇసుక అరచేతుల్ని కాల్చింది. ఒక డ్రమ్ము నీళ్లు పారబోస్తే బరువు తగ్గేది. ఊళ్లో బిందెలు గుర్తొచ్చి ఆ పని చెయ్యలేకపోయాడు.

కాసేపటికి పక్కన ఏదో పడ్డ చప్పుడైంది. తలెత్తితే పోతులయ్య. ఒడ్డు దాకా పోయి, అక్కడ తుమ్మకంప విరుచుకుని, వచ్చిన దారినే ఈడ్చుకొచ్చాడు. వంగి ముందు చక్రం కింద కంప తొక్కాడు. తర్వాత వెనక చక్రం కింద. ముల్లు దిగి చెయ్యి నెత్తురు కారుతున్నా తుడుచుకోలేదు. సంజీవప్ప ఎక్కి గేరు వేశాడు, పోతులయ్య ట్రైలరుకు భుజం ఆనించాడు. మూడోసారికి బండి లేచింది. ఒడ్డు చేరేదాకా ఆపకుండా పోయి, అక్కడ ఆగి చూశాడు. పోతులయ్య దూరంగా వెనకే వచ్చాడు కానీ బండి ఎక్కలేదు.

ఊళ్లో డ్రమ్ముల దగ్గర జనం ఉండగానే సంజీవప్ప జరిగింది చెప్పేశాడు. బేరింగు చెడలేదని, అబద్ధమాడానని, పోతులయ్య దానికోసం ధర్మవరం దాకా పోయొచ్చాడని చెప్పాడు. ఇకనుంచి రోజుకు మూడు తడవలే తోలగలనని, వారానికొకనాడు బండి తియ్యనని కూడా చెప్పాడు. కొందరు సణిగారు. ఎండలో నడిచిన ఆడవాళ్లలో ఒకామె, అయితే ఆ రెండు దినాలు మా కాళ్లకు ఎవరు జవాబు చెబుతారని అడిగింది. అతను తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె ఇంకా ఏమో అనబోయి మానుకుని బిందె ముంచింది.

మిగతా రెండు తడవల సంగతి తేలాలి కదా. ఎవరైనా బండి తోలడం నేర్చుకుంటే నేర్పుతానన్నాడు సంజీవప్ప. అందరూ యల్లప్ప వైపు చూశారు. వారం తిరిగేసరికి యల్లప్ప సాయంత్రం తడవలు తోలడం మొదలుపెట్టాడు. మొదటి రోజే స్ప్రింగు పట్టీ ఒకటి విరగ్గొట్టి, రెండు గంటలు ఆలస్యంగా, మొహమంతా మసితో దిగాడు. బిందెల దగ్గర ఎవరూ నవ్వలేదు. ఆ పట్టీకి చెక్క కట్టడానికి కూడా సంజీవప్పే కింద పడుకున్నాడు. యల్లప్ప మాత్రం ఇంటికి పోకుండా తాడు పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

పోతులయ్య పది రోజులు ఆ వీధికే రాలేదు. తర్వాత ఒక సాయంత్రం వచ్చి, పిలవకుండానే కిరసనాయిలు డబ్బా ముందుకు జరుపుకుని బేరింగులు కడగడం మొదలుపెట్టాడు. సంజీవప్ప జాకీ ఎత్తాడు. రత్నమ్మ ఇద్దరికీ మజ్జిగ తెచ్చి పెట్టింది. చీకటి పడేలోపు ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువే. గ్రీజు చాలునా అని ఒకరు, చాలునని ఒకరు. ఆ రోజు తర్వాత అతను రాని సాయంత్రం లేదు.

సెప్టెంబరు దాకా అలాగే నడిచింది. ఆ నెలాఖరులో రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన పడింది. మూడో రోజు తెల్లవారి పెన్న ఎర్రగా, రెండు ఒడ్లూ ఒరుసుకుంటూ వచ్చింది. ఊరంతా పోయి చూసింది. సంజీవప్ప కూడా పోయి పోతులయ్య పక్కన నిలబడ్డాడు. ఏటి వరద తీసేదాకా జీపు అవతలికి పోదు. బావిలో నీళ్లు ఊరితే తర్వాతా పోవలసిన పని లేదు.

కాసేపు చూసి సంజీవప్ప ఇంటికి వచ్చేశాడు. కొట్టంలో పైకప్పు కారి ఇంజను మీద నీళ్లు పడుతున్నాయి. గోనెపట్టా వెతికి దాని మీద కప్పాడు.