ఇబ్బందేమీ లేదు సార్

మా ఆయన అబద్ధాలాడే మనిషి కాదు, తన ఒంటి గురించి తప్ప. ఆ ఒక్క విషయంలో మాత్రం ఎన్నికల్లో నిలబడేవాళ్ళు కూడా ఆయన దగ్గర పాఠాలు చెప్పించుకోవాలి. దగ్గి దగ్గి కళ్ళు ఎర్రబడ్డా, మంచం కోడు పట్టుకుని వంగిపోయినా, అడిగితే ఒకటే మాట: "బాగానే ఉన్నాను."

నేను బట్టలు కుడతాను. ఇంటి ముందు గదే నా కొట్టు. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, స్కూలు పిల్లల యూనిఫాంలు. రోజూ పొద్దున్నే నేను పనికి కూర్చునేలోపు మా ఆయన వచ్చి కుట్టుమిషన్ చూడాలి. చక్రం చేత్తో తిప్పి, చెవి ఆనించి విని, నిటారుగా నిలబడి చెబుతారు. "బెల్టు వదులైంది. సూది వంకర. అడుగున దారం చిక్కుకుంది."

"ఎన్నాళ్ళు వస్తుంది?" అంటాను నేను.

"బెల్టు వానాకాలం దాకా వస్తుంది" అంటారు. సరిగ్గా వానలు పడుతుండగా అది టప్పున తెగుతుంది. ఆయన అంచనా ఇంతవరకూ తప్పింది లేదు. సైన్యంలో లారీలు నడిపి, బాగుచేసి వచ్చిన మనిషి. బండిలో లోపం దాచిపెడితే అందులో ఎక్కినవాళ్ళ ప్రాణాలు పోతాయంటారు. తన లోపం దాచిపెడితే నా ప్రాణం పోతుందని ఎంత మొత్తుకున్నా మాత్రం చెవిన పడదు.

ఊపిరితిత్తులు అక్కడే పాడయ్యాయి. శిబిరంలో పాత టైర్లు, నూనె డబ్బాలు, మందుగుండు పెట్టెలు అన్నీ ఒక గోతిలో పోసి తగలబెట్టేవారట. ఆ గోతి పక్కనే ఈయన షెడ్డు. రిటైరయ్యాక ప్రభుత్వమే ఆక్సిజన్ మిషన్ ఇచ్చింది. మందులు, ఆస్పత్రి, అన్నీ మాజీ సైనికుల కార్డు మీదే. మంచం పక్కన ఆ మిషన్ గుర్రుగుర్రుమంటూ ఉంటుంది. మొదట్లో దాని మోతకు నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఆ మోత ఆగితే మెలకువ వస్తుంది.

ఈ ఏడు మాజీ సైనికుల వైద్యానికిచ్చే నిధులకు కోత పెట్టారు. కోత అనలేదు, క్రమబద్ధీకరణ అన్నారు టీవీలో. అంటే కార్డున్న ప్రతివాళ్ళనూ మళ్ళీ పిలిచి చూస్తారు. అంత అవసరం లేదనిపిస్తే మిషన్ వెనక్కి పట్టుకుపోతారు. కావాలంటే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి.

మా ఆయన పటాలంలోనే వంట చేసినాయన ఒకాయన మా వెనక వీధిలో ఉండేవారు. అందరూ వంటాయన అనేవారు, ఆయన భార్య నాకు వదిన వరస. ఆయన్ని ముందు పిలిచారు. లోపల డాక్టరు "ఏమైనా ఇబ్బందా?" అని అడిగితే, ఆ పొగే మింగివచ్చిన ఆ మహానుభావుడు "లేదు సార్" అన్నారట. వారం తిరక్కుండా వ్యాను వచ్చింది. వదిన వ్యానుకు అడ్డం నిలబడితే డ్రైవరే పాపం దిగి, "అక్కా, నా ఉద్యోగం పోతుంది" అని బతిమాలాడు. దరఖాస్తు పెట్టారు. దాని వంతు రాకముందే ఆయన వంతు వచ్చింది.

పలకరించడానికి ఇద్దరం వెళ్తే మా ఆయన అరుగు మీదే ఆగిపోయారు, లోపల వదిన నా చెయ్యి వదల్లేదు. "ఒక్కసారి ఆయాసంగా ఉంది సార్ అంటే ఏం పోయేది? నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని పోయాడు. మీ ఆయన్నయినా చెప్పమను" అంది. ఆమె వెనక గోడ మీద, ఇదివరకు మిషన్ ఉన్నంత మేర సున్నం తెల్లగా ఉంది. 

ఇంటికి వస్తూ దారిలోనే మా ఆయన్ని నిలదీశాను. "ఎందుకలా చెబుతారు మీరంతా? అడిగినవాడు మీ మంచికే కదా అడిగింది."

ఆయన ఆగి, దీపస్తంభం పట్టుకుని ఊపిరి తీసుకున్నారు. బూటు లేసు చూసుకుంటున్నట్టు నటించారు. "రోజూ పొద్దున్న వరసలో నిలబెట్టి అదే మాట అడిగేవాళ్ళు. ఏమైనా ఇబ్బందా అని. ఒకడు ఉందన్నాడనుకో, వాడి బరువు పక్కవాడు మొయ్యాలి. ఆ పక్కవాడికి అప్పటికే జ్వరం. అందుకని ఎవడూ అనడు."

"ఇప్పుడు మీ పక్కన ఉన్నది నేను. నాకేం జ్వరం లేదు. మోస్తాను, చెప్పండి."

"బాగానే ఉన్నానంటున్నాగా" అన్నారు. ఒళ్ళు మండిపోయింది నాకు.

మాకూ పిలుపు వచ్చింది. ఆ రోజు నుంచి అన్నం ముద్ద గొంతు దిగితే ఒట్టు. కుట్టే బట్టలో సూది ఎటు పోతోందో తెలిసేది కాదు. ఒక స్కూలు చొక్కాకు రెండు చేతులూ ఒకే వైపు కుట్టేశాను. ఆ పిల్లాడి తల్లి నవ్వింది, నేను నవ్వలేకపోయాను.

రోజూ సాయంత్రం ఆయనకు శిక్షణ ఇచ్చాను. కొలతల టేపు మెడలో వేసుకుని డాక్టరునయ్యేదాన్ని.

"ఏమైనా ఇబ్బందా?"

"మెట్లెక్కితే ఆయాసం, డాక్టరు గారూ" అనేవారు ఆయన, చిన్నపిల్లాడు పద్యం అప్పజెప్పినట్టు.

"నిద్ర?"

"సరిగ్గా పట్టదు. డాక్టరమ్మ గురక ఎక్కువ."

"ఇదిగో, ఈ వేళాకోళాలే వద్దన్నాను."

నవ్వినా, మాట నోటికి అలవాటైందని కాస్త ధైర్యపడ్డాను. ఎంత వెర్రిదాన్నో. నేను నైటీలో, టేపుతో అడిగితే చెప్పడం వేరని నాకు తోచలేదు.

పరీక్ష రోజు పొద్దున్న లేచేసరికి ఆయన అప్పటికే గడ్డం గీసుకుని, బూట్లు అద్దంలా మెరిపించి, ముక్కుకి గొట్టం పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉన్నారు. తన రుమాళ్ళు ఎప్పట్లాగే తనే ఉతికి, మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు. కొన్ని నెలలుగా వాటిని నన్ను ముట్టుకోనివ్వరు. మిలటరీ క్రమశిక్షణ అని నేను ఇరుగుపొరుగుకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

"ఎందుకండీ ఇంత సింగారం? పెళ్ళిచూపులకా? నలిగిన చొక్కా వేసుకోండి, గడ్డం ఉంటే ఉండనివ్వండి. జబ్బు మనిషిలా కనబడాలి."

"తనిఖీకి అలా వెళ్తారా ఎవరైనా?" అన్నారు. తనిఖీ కోసమని అర్ధరాత్రి నుంచీ మిషన్ పెట్టుకుని గాలి నింపుకున్నారట, లారీలో డీజిల్ నింపుకున్నట్టు. 

ఆస్పత్రి హాల్లో ఇనప కుర్చీల వరసలు. అందరూ ఆయన వయసువాళ్ళే, అందరివీ మెరిసే బూట్లే. పక్కన భార్యలు, కోడళ్ళు, కూతుళ్ళు. ఆ హాలంతా గుసగుసలే. "చెబుతావుగా?" "చెబుతా." "మర్చిపోకు." "మర్చిపోను." ఒకావిడ లోపల్నించి బయటికి వచ్చి, తలుపు పక్క గోడకు చేరబడి, వెనకే వచ్చిన భర్త ముఖం చూడకుండా మెట్లు దిగిపోయింది. హాలు మొత్తం మాట ఆపేసింది. నేను అరచేతులు చీరకు తుడుచుకుంటూనే ఉన్నాను.

మమ్మల్ని పిలిచారు. మామూలు తెల్లకోటు డాక్టరు ఉంటాడనుకున్నాను. బల్ల వెనక యూనిఫాంలో, భుజాన నక్షత్రాలతో ఒక మిలటరీ డాక్టరు ఉన్నారు. ఆ నక్షత్రాలు కనబడగానే మా ఆయన మడమలు టక్కున కలిశాయి. నా శిక్షణంతా నీళ్ళపాలైందని ఆ చప్పుడుతోనే తెలిసిపోయింది.

"చెప్పండి, ఏమైనా ఇబ్బందా?"

"ఇబ్బందేమీ లేదు సార్."

"ఆయాసం?"

"లేదు సార్."

"నిద్ర?"

"బాగా పడుతుంది సార్."

వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టారు. రాత్రంతా నింపుకున్న గాలి కదా, అంకె మహా బాగా వచ్చింది. ఊపిరితిత్తుల పరీక్ష చేయిస్తారేమోనని చూశాను. దానికి ఇప్పుడు నిధులు లేవట, అడిగి రాసుకోవడమే.

"మిషన్ రోజూ వాడతారా?"

"పెద్దగా అవసరం పడదు సార్."

 వదిన ఇంటి గోడ మీది తెల్లటి మచ్చ కళ్ళముందు నిలబడింది. "అబద్ధం డాక్టరు గారూ, అది లేకపోతే ఈయన..." అని లేవబోయాను.

డాక్టరు చెయ్యెత్తి ఆపారు. కోపంగా కాదు, అలసిపోయినట్టు. "అమ్మా, వెంట వచ్చినవాళ్ళు జవాబు చెప్పకూడదు. మీ బాధ నాకు తెలుసు. కానీ నేను రాసేది ఆయన నోటి మాటే. అదే రూలు."

"జవాబు చెప్పనండి. ఒక ప్రశ్న అడగొచ్చా?"

కలం ఆగింది. "అడగండి" అన్నారు.

ఏం అడగాలో నాకే తెలియదు.  మా ఆయన వైపు తిరిగాను. కుట్టుమిషన్ పక్కన నిలబడ్డట్టే నిటారుగా నిలబడి ఉన్నారు. అది చూశాక మాట దానంతటదే వచ్చింది.

"ఏమండీ, బండి ఎలా ఉంది?"

"ఏ బండి?"

"మీరు వేసుకు తిరుగుతున్న ఈ ఒళ్ళు. ఇందులో నేనూ ఎక్కి ఉన్నాను. షెడ్డులోంచి బయటికి తీయొచ్చా, తీయకూడదా? చూసి చెప్పండి."

ఆయన డాక్టరు వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. ఎదుటి గోడను చూశారు. తర్వాత రోజూ పొద్దున్న నేను వినే గొంతుతో చెప్పారు.

"తీయకూడదు."

"చెప్పండి" అన్నాను.

"గాలి లాగడం లేదు. ఎడమవైపు పని చెయ్యడం లేదు, కుడివైపు సగం. ఎత్తు అసలు ఎక్కదు. స్నానాల గదికి వెళ్ళొచ్చేలోపు రెండుచోట్ల ఆపాలి. వెల్లకిలా పెడితే ఆగిపోతుంది, అందుకని రాత్రిళ్ళు గోడకి ఆనించి ఉంచుతున్నా."

రాత్రిళ్ళు రేడియో వినడానికి కూర్చుంటారనుకునేదాన్ని. ఆ రేడియోను పగలగొడతానని తిట్టేదాన్ని కూడా.

"కాళ్ళకి నీరు దిగింది. బూటు పట్టడానికి లోపలి అట్ట తీసేశా. తెల్లారుజామున దగ్గితే నెత్తురు పడుతోంది. ఎండలు మొదలైనప్పటి నుంచీ."

రుమాళ్ళు.  ఇక ఆపండి అనాల్సింది. అనలేదు. ఏళ్ళ తరబడి రోజూ అడిగిన నోరు, నేను ఆపేలోపే అలవాటుగా అడిగేసింది.

"ఎన్నాళ్ళు వస్తుంది?"

అప్పుడు ఆయన గోడను వదిలి నన్ను చూశారు. దాచుకున్న వస్తువు దొరికిపోయిన మనిషిలా చూశారు.

"చలికాలం దాటదు" అన్నారు.

 డాక్టరు తన కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ వచ్చి, ఆయన్ని భుజం పట్టుకుని కూర్చోబెట్టారు. "కూర్చోండి. ఇది ఆర్డరే అనుకోండి" అన్నారు. తర్వాత చాలాసేపు రాశారు. నా వైపు చూడలేదు.

బయట గుమాస్తా కాగితం మీద ముద్ర కొట్టి ఇస్తూ నవ్వాడు. "అదృష్టవంతులమ్మా. ఇవాళ ఇన్నిట్లో మీదొక్కటే ఇలా వచ్చింది. జీవితాంతం మంజూరు చేశారు. ఇక మళ్ళీ రానక్కర్లేదు."

వరసలో ఉన్న ఒకావిడ నా కొంగు పట్టుకుని, "ఏం చెప్పించావు తల్లీ లోపల? మాకూ చెప్పవూ" అంది.  ఆమె పక్కన ఆమె భర్త తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. ఆయన కూడా ఎన్ని దాచాడో అనిపించి, కొంగు విడిపించుకుని వచ్చేశాను.

బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. "పరువు తీశావు" అన్నారు కాసేపటికి.

"తీస్తే తీశాను."

"మిషన్ ఉంచారు కదా. మరింకెందుకా ఏడుపు?"

"ఏడవడం లేదు, దుమ్ము" అన్నాను. నాకూ అబద్ధాలు బాగానే వస్తాయి.

మర్నాడు పొద్దున్న కొట్టు కిటికీ తెరిస్తే గాలి చల్లగా తగిలింది. వెంటనే మూసేసి గడియ పెట్టాను. ఆయన గోడ పట్టుకుంటూ, మధ్యలో రెండుసార్లు ఆగుతూ వచ్చారు. ఈసారి లేసు చూసుకుంటున్నట్టు నటించలేదు. చక్రం తిప్పి, చెవి ఆనించి విన్నారు.

"బెల్టు మళ్ళీ వదులైంది. పెడల్ దగ్గర నూనె వెయ్యాలి" అన్నారు. అని అక్కడే నిలబడ్డారు. నేను సూదిలోకి దారం ఎక్కిస్తూ తలెత్తలేదు. దారం ఎక్కడం లేదు.

"ఎన్నాళ్ళు వస్తుందని అడగవేం?" అన్నారు.

"ఎందుకూ? బాగానే ఉందిలెండి" అన్నాను.