మేకుకు వేలాడిన పలుపు

విల్లో చెట్టు మండల మోపు భుజాన వేసుకుని రౌహా కంచె వెంట నడుస్తోంది. మే నెలాఖరైనా పైన్ చెట్ల నీడల్లో మంచు మురికిగుడ్డల్లా అక్కడక్కడా పడి ఉంది. రబ్బరు బూట్ల కింద బురద చప్పుడు చేస్తోంది. ఆమెవి వెడల్పాటి అరచేతులు, చలికి కమిలిన బుగ్గలు. కుడిచేతి చిటికెన వేలు వంకర. పాలబకెట్టుకూ గోడకూ మధ్య ఎప్పుడో నలిగింది. అంతకుమించి గుర్తుపట్టడానికి ఆమెలో ఏమీ లేదు. ఈ అడవి పార్కుకు వచ్చేవాళ్లు ఎలుగుబంటిని ఫొటో తీసుకుంటూ, "కాస్త పక్కకి జరుగుతారా?" అని అడిగేది ఆమెనే. రౌహా జరుగుతుంది.

తోడేళ్లకు మాంసం వేసి, గుడ్లగూబల గూళ్లు కడిగి, పొద్దున కాఫీకి వెళ్లినప్పుడే ఏదో తేడాగా అనిపించింది. కాఫీ కొట్టు నడిపే తూలా నోరు ఊరుకునేది కాదు. "ఏమే, నీ కూతురు లేచిందా, ఇంకా గారాలు పోతోందా?" అని రోజూ ఆటపట్టిస్తుంది. కూతురంటే హిల్లా. గుర్రమంత ఎత్తు, గొంతు కింద గంటలా వేలాడే తోలు, ముసలి ఆడ మూస్ దుప్పి. ఇవాళ తూలా ఆ మాటే ఎత్తలేదు. పొయ్యిలోంచి అప్పుడే తీసిన ఏలకుల బన్ను రౌహా ముందు పెట్టి, అటు తిరిగి గిన్నెలు తోముకుంటోంది.

"ఏంటే, బెల్లం కొట్టిన రాయిలా ఉన్నావు?"

"తిను. చల్లారిపోతుంది."

రౌహా తింది. బన్ను బాగుంది.

బయటికి రాగానే పార్కు చూసుకునే సాములి ఎదురొచ్చాడు. నలభై దాటని మనిషి. ఎప్పుడూ జేబుల్లోంచి చేతులు తియ్యడు.

"రౌహా, హిల్లా గిట్టలు చూడ్డానికి డాక్టరమ్మ వస్తోంది. దాన్ని చెక్కల దొడ్లోకి పిలుస్తావా? నువ్వు పిలిస్తేగాని కదలదు మహాతల్లి."

"గిట్టలేగా?"

"గిట్టలే."

ఆ ప్రశ్న అడగడానికి కారణం ఉంది. హిల్లా పళ్లు అరిగిపోయాయి. శీతాకాలమంతా నమిలింది నమిలినట్టే కింద పడేస్తూ వచ్చింది. నడుము ఎముకలు పైకి లేచాయి. దాన్ని చంపక తప్పని రోజు వస్తుందని రౌహాకు అందరికన్నా ముందే తెలుసు. అందుకే పోయిన నెల మేతకొట్టంలో సాములిని నిలబెట్టి, గోడన మేకుకు వేలాడే పలుపు చూపించి చెప్పింది. "ఆ రోజు నాకు చెప్పు. ఇది వేసి నేనే నడిపించుకొస్తాను." సాములి చెయ్యి జేబులోంచి తీసి ఆమె చేతిలో వేశాడు. "నీకు చెప్పకుండా చెయ్యను రౌహా. ఒట్టు."

ఆ పలుపు వాళ్లమ్మది. వాళ్ల దొడ్లో ఒక కట్టుబాటు ఉండేది. పాలకూ మేతకూ వానకూ ఆవును గొంతెత్తి పిలవొచ్చు. కోతకు పంపే రోజు మాత్రం పిలవకూడదు. పలుపు పట్టుకుని దాని దగ్గరికి మనమే వెళ్లాలి, మెడ నిమిరి పక్కనే నడవాలి. "పిలిస్తే వచ్చేది నమ్మి వస్తుందే. నమ్మకంతో వచ్చినదాన్ని కోతకివ్వకూడదు. ఒకసారి అలా పిలిచిన గొంతు మళ్లీ దేన్నీ పిలవడానికి పనికిరాదు," అనేది అమ్మ. అమ్మ పోయింది, పాలకు ధర పోయింది, ఆవులూ పోయాయి. ఒక్కొక్కదాన్నీ లారీ దాకా రౌహానే నడిపించింది. పెళ్లి చేసుకునే తీరిక ఆవులున్నప్పుడు లేకపోయింది. తర్వాత ఎవరూ అడగలేదు. చేతిసంచిలో ఆ పలుపొక్కటి పెట్టుకుని ఈ పార్కులో పనికి చేరింది. ఆ వసంతంలోనే కాలవలో దొరికిన దుప్పి పిల్లకు సీసాతో పాలు పట్టి, బురదనేలల్లో పండే పసుప్పచ్చ పండు పేరు పెట్టింది. ఆ పలుపుతోనే నడక నేర్పింది.

దొడ్డి వాకిట నిలబడి రౌహా గొంతెత్తింది. "ప్త్రూ...యీ! హిల్లా! రామ్మా, రా!"

అమ్మ ఆవుల్ని పిలిచిన పిలుపే అది. కాసేపటికి పొదలు కదిలాయి. మోకాళ్లు నొప్పేమో, ఆగి ఆగి వచ్చింది. చెవులు మాత్రం ఇటే పెట్టి వచ్చింది. రౌహా చేతిలోని విల్లో ఆకు అందుకుని నములుతూ దొడ్లోకి నడిచింది. వెనక తలుపు వేశారు. చెక్కల సందులోంచి తుపాకీ పేలింది.

హిల్లా ముందుకాళ్ల మీద కూలి, పక్కకి ఒరిగింది. నోట్లో ఆకు ఇంకా ఉంది.

డాక్టరమ్మ తుపాకీ భుజానికి తగిలించుకుని, తలవంచుకుని వెళ్లిపోయింది. సాములి దగ్గరికొచ్చాడు. "నీ మంచికే చెప్పలేదు రౌహా. చెబితే రాత్రంతా ఏడ్చేదానివి. నీ చెయ్యి వణికితే దానికీ తెలిసిపోయేది. చూడు, ఎంత హాయిగా పోయిందో!"

"పోతుందని నాకు తెలియదా? నేను వద్దన్నానా?" రౌహా దొడ్లోకి వెళ్లి హిల్లా పక్కన కూర్చుంది. "నాతో పిలిపించావు."

"వేరే ఎవరు పిలిచినా వచ్చేది కాదుగా."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. అరిచి దెబ్బలాడే మనిషైతే బాగుండేది, రౌహాకు అది చేతకాదు. హిల్లా కళ్లు మూసి, దాని నోట్లోంచి ఆకు తీసేసింది.

"ఎవరైనా అడిగితే అడవివైపు మేస్తోందని చెప్పు," అన్నాడు సాములి వెనకనుంచి.

అడగనే అడిగారు. మధ్యాహ్నం ఒక తల్లి, వేలు పట్టుకున్న ఆడపిల్ల. వాళ్లు ప్రతి వసంతంలోనూ వస్తారు. పిల్ల చేతిలో రై రొట్టె ముక్క ఉంది. కంచె దగ్గర నిలబడి అటూ ఇటూ చూసింది. "హిల్లా ఏది?"

రౌహా ఆ పిల్ల ఎత్తుకు వంగింది. "చచ్చిపోయింది బంగారం. ముసలిదైపోయింది. నేను పిలిచాను, వచ్చింది."

తల్లి గబుక్కున పిల్లను దగ్గరికి లాక్కుని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

గురువారం కదా, కాఫీ కొట్టులో వారంవారం వండే బఠాణీ సూప్ వాసన. రౌహా గడప దాటలేదు.

"నీకూ తెలుసా తూలా?"

తూలా గరిటె కింద పెట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "వారం నుంచి తెలుసే. అందరికీ తెలుసు. చెప్పొద్దన్నాడు... నువ్వు తట్టుకోలేవని..."

"బన్ను బాగుంది," అంది రౌహా.

సాయంత్రం కుర్ర దుప్పులకు మేత వేళ. అవి దూరంగా, బురదనేలకు అవతల ఉన్నాయి. రౌహా వాకిట నిలబడి నోరు తెరిచింది. మూసేసింది. మండల మోపు ఎత్తుకుని, మోకాళ్లదాకా దిగబడే బురదలో అక్కడిదాకా నడిచి వెళ్లి వేసింది. మళ్లీ వచ్చి రెండో మోపు ఎత్తుకుంది. సాములి గట్టున నిలబడి చూశాడు. "పిలిస్తే వస్తాయిగా! ఎందుకంత తిప్పలు?" అని కేకేశాడు. ఆమె తిరిగి చూడలేదు.

పనంతా అయ్యాక మేతకొట్టంలో బూట్లు కడిగి, తన చెప్పులు వేసుకుంది. పలుపు మేకు నుంచి తీసి సంచిలో పెట్టుకుంది. వాకిలి దాకా వెళ్లి ఆగింది. ఇంట్లో నడిపించడానికి ఎవరున్నారు? వెనక్కొచ్చి మళ్లీ మేకుకే తగిలించింది. పక్కనే పార్కు తాళంచెవుల గుత్తి కూడా తగిలించింది.

సాములి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. "రౌహా, చాదస్తం కాకపోతే... రేపు వస్తావుగా? వేసవి రద్దీ మొదలవుతోంది."

"రాను."

"మరి వీటన్నిటికీ..."

"వాటి రోజులూ వస్తాయి సాములీ. పలుపు ఇక్కడే ఉంది. దగ్గరికెళ్లి నడిపించు. పిలవకు."

అతను పక్కకి జరిగాడు. ఆమె సైకిలెక్కి చెరువు దారిన వెళ్లిపోయింది. సాములి తలుపు మూయబోతే గాలికి పలుపు కాస్త ఊగింది. మెడకు తగిలే చోట, ముడిలో, పిల్లప్పటి హిల్లా ఎర్రటి వెంట్రుకలు ఇంకా చిక్కుకునే ఉన్నాయి.