మగ్గం గది కిటికీ

హిందూపురం షాపులో దేవేంద్ర ముదురు రంగు చెక్క బ్లైండ్లను వేలితో తట్టి, "మగ్గం గదికి ఇవే ఖాయం," అన్నాడు.

పక్కనున్న కూతురు వనితకు ఒళ్ళు మండింది. ధర్మవరంలోని కొత్తింట్లో ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ. ఆ వెలుతురులోనే అమ్మ పట్టుచీరలు నేస్తుంది.

"పలకలు తిప్పితే వెలుతురు వస్తాది లేన్నా," అన్నాడు షాపాయన.

"తిప్పేదేం లేదప్పా, మూసే పెడతాం. కొత్తిల్లు కట్టినాక కూడా రోడ్డున పోయేటోల్లకి మా మగ్గం కనపడాల్నా?"

కొత్తవాళ్ళ ముందు నోరు విప్పని వనిత విసురుగా వెళ్ళి, షాపు కిటికీకి శాంపిలుగా వేలాడదీసిన బ్లైండు తాడు లాగింది. ఆ మూలంతా చీకటైంది. రంగు చూసి దారం తెమ్మని అమ్మ ఇచ్చిన రెండు పట్టు కండెలు సంచిలోంచి తీసి తండ్రి ముఖం ముందు పెట్టింది.

"దీంట్లో ఎరుపేది, మెరూనేది? చెప్పు నాయనా."

దేవేంద్ర కళ్ళు చికిలించాడు. "లైటేసుకుంటాది లే."

"పోయిన నెల లైటు కిందే కొంగంతా తప్పు రంగు నేసింది. అప్పుడు అమ్మ మీద అరిచింది నువ్వే కదా!"

"నోరు లేస్తాండాదే నీకి!"

"లేస్తాది. నీకంత సిగ్గైతే నీ గదికి కట్టుకో. అమ్మ కిటికీ జోలికి రావద్దు."

దేవేంద్ర కిటికీల కొలతల చీటీలో మగ్గం గదిని కొట్టేశాడు కానీ, కూతురి వైపు చూడలేదు. ఇంటికి పోయే బస్సు పెనుకొండ దాటినా వనిత ఆ రెండు కండెలను సంచిలో పెట్టకుండా గుప్పిట్లోనే పట్టుకుని కూర్చుంది.