ఫోన్‌లో ఒకావిడ

భర్త చొక్కాల్లో మూడోది ఇస్త్రీ చేస్తుండగా ఆమెకు ఆ మాట వినిపించింది. హాల్లో టీవీ ముందు కూర్చున్న భర్త, అత్తగారు ఇద్దరూ ఒక్కసారే నవ్వారు.

"విన్నావా, ఆ రోజు పనికి వెళ్ళొద్దని ఫోన్‌లో ఎవరో ఒకావిడ చెప్పిందట," అన్నాడు భర్త, గదివైపు తల తిప్పి. "అబద్ధమాడటానికైనా కాస్త తెలివుండాలి."

ఆమె ఇస్త్రీపెట్టె పైకెత్తి అలాగే పట్టుకుని నిలబడింది. ఎత్తకపోతే కాలరు మాడిపోయేది.

అంతకు నాలుగు రోజుల ముందు, పట్టపగలు, కాపలా ఉద్యోగం చేసే ఒకతను ఊరి నడిబొడ్డున ఉన్న చెప్పుల దుకాణంలోకి తుపాకీతో వెళ్ళి ఏడుగురిని కాల్చేశాడు. ఆఖరి గుండు తనకు ఉంచుకున్నాడు. అతని భార్య ఆరేళ్ళుగా ఆ దుకాణంలోనే కౌంటర్లో పనిచేస్తోంది. ఆ రోజు మాత్రం రాలేదు. ఆమె బదులు కౌంటర్లో నిలబడ్డ పిల్ల, ఉద్యోగంలో చేరి నెలైనా కాలేదు, అందరికంటే ముందు పోయింది.

చచ్చినవాడు చెప్పడు కాబట్టి ఎందుకు చేశాడో ఊరంతా చెప్పడం మొదలుపెట్టింది. మొదటిరోజు వెనకాల ఏదో ముఠా ఉందన్నారు. రెండోరోజు ఉద్యోగంలో అవమానం జరిగిందన్నారు. మూడోరోజు తలలో గడ్డ అన్నారు, ఒక డాక్టరు టీవీలో పుర్రె బొమ్మ పెట్టి ఆ గడ్డ ఎక్కడుండి ఉంటుందో పుల్లతో చూపించాడు కూడా. నాలుగోరోజుకి అన్ని వేళ్ళూ ఒకవైపే తిరిగాయి. సరిగ్గా ఆ రోజే పెళ్ళాం సెలవెందుకు పెట్టింది? ముందే తెలిసి ఊరుకుందా? పోనీ, అంత మంచివాడు (ఇరుగుపొరుగంతా మంచివాడనే అన్నారు, ఎవరి సామాన్లు బరువుగా ఉన్నా మోసిపెట్టేవాడట) తుపాకీ పట్టుకునేదాకా వచ్చాడంటే ఆవిడ ఏం చేసి ఉంటుంది? పోలీసులు అడిగితే ఆవిడ చెప్పింది ఒకటే మాట. సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను, అక్కడ ఒకావిడ వెళ్ళొద్దంది, మానేశాను. సహాయ కేంద్రం వాళ్ళు మా దగ్గర అలాంటిదేమీ జరగలేదన్నారు. దాంతో ఆ ఒకావిడ ఎవరన్నది ఊరికి కొత్త పొడుపుకథ అయింది. ఆవిడ కాదు, ఆడగొంతు పెట్టి మాట్లాడే ప్రియుడై ఉంటాడని కూడా ఒకాయన తేల్చేశాడు.

ఆ ఒకావిడ ఈ గదిలో ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడి ఉంది.

తొమ్మిదేళ్ళుగా ఆమె నగర సహాయ కేంద్రంలో ఫోన్లు ఎత్తుతోంది. అక్కడ ఆమెను నాలుగో సీటు అంటారు. నల్లా రాకపోయినా, వీధిదీపం వెలగకపోయినా, పక్కింటి కుక్క కరిచినా ఆ నంబరుకే చేస్తారు. వచ్చిన ప్రతి ఫోనుకీ తెరమీద పదిహేడు కారణాల్లో ఒకటి నొక్కాలి. పదకొండోది కుటుంబ తగాదా. అది నొక్కితే విషయం పోలీసులకు వెళ్ళదు. వారానికోసారి జాబితా తీసి ఎవరో చూస్తారంటారు, ఆ చూసేవాళ్ళను ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇంకో నియమం, రాసుకోవాలే తప్ప సలహా ఇవ్వకూడదు.

చెప్పుల దుకాణం ఆవిడ నెలలో మూడుసార్లు చేసింది. మొదటిసారి మాటకంటే ఊపిరే ఎక్కువ వినిపించింది. రెండోసారి అతను బీరువాలోంచి తుపాకీ తీసి రోజూ తుడుస్తున్నాడని చెప్పింది. మూడోసారి, ఆ ముందురోజు పొద్దున, గొంతులో ఏ వణుకూ లేదు. "రేపు దుకాణానికొచ్చి అందరి ముందూ కాలుస్తానంటున్నాడండీ. వెళ్ళనా, మాననా?" అని, బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది. నాలుగో సీటు ఆవిడను లైన్లో ఉండమని చెప్పి, లేచి ఇన్‌ఛార్జి దగ్గరికెళ్ళింది. ఆయన ఫైల్లోంచి తలెత్తలేదు. బెదిరించిన ప్రతివాడూ చంపేటట్టయితే ఊళ్ళో మగాళ్ళు సగం మంది జైల్లోనే ఉండాలమ్మా, పదకొండులో వేసెయ్, అన్నాడు. ఆమె తిరిగొచ్చి పదకొండు నొక్కింది. ఆవిడ చెప్పిందంతా అయిదు లైన్లు రాసింది. రాశాక, ఎందుకో గొంతు తగ్గించి, "రేపు మాత్రం వెళ్ళకండమ్మా, మీ అక్కవాళ్ళింటికో ఎక్కడికో పొండి," అంది. ఆ తర్వాతి ఫోను వీధిదీపం గురించి.

కాల్పుల మర్నాడు ఇన్‌ఛార్జి తనే టీ పట్టుకొచ్చి ఆమె బల్లమీద పెట్టాడు. తొమ్మిదేళ్ళలో ఎన్నడూ లేని మర్యాద. అమ్మాయిలు బాగా చదువుకుంటున్నారా అని అడిగాడు. ఆమెకున్నది ఒక్క కూతురు. ఆ టీ అలాగే చల్లారిపోయింది. ఆయన అటు వెళ్ళగానే ఆమె తెరమీద పాత ఫోన్ల పట్టిక తెరిచి వెతికింది. తను రాసిన అయిదు లైన్లు లేవు. ఆ స్థానంలో ఒకే లైను ఉంది. "భర్తతో మనస్పర్థలు. సర్ది చెప్పడమైనది." కింద తన సీటు నంబరు, నాలుగు.

సర్ది చెప్పడమైనది. ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు? ఆ వాక్యం ఎక్కడో విన్నట్టుంది అనుకుంది. విన్నది ఇంట్లోనే. భర్తది ప్రమాదమైన బండ్లు చూసి ఇన్సూరెన్సు కంపెనీకి రిపోర్టు రాసే ఉద్యోగం. సొట్ట చూస్తే చాలు, ఎవడు అబద్ధమాడుతున్నాడో చెప్పేస్తానంటాడు. ఆ చూపు ఆఫీసులో వదిలి రాడు. ఆమె డ్యూటీ రెండింటికి అయిపోతుంది, బస్సులో నలభై నిమిషాలు. రెండు యాభైకి తలుపు తట్టినా పది నిమిషాలు ఎక్కడన్న ప్రశ్న తయారుగా ఉంటుంది. ఆయన ఇంట్లో లేకపోతే అత్తగారు గడియారం చూసి పెడుతుంది. నీమీద ప్రేమ కాకపోతే ఎందుకడుగుతాడు అని సర్ది చెబుతుంది. కిందటేడు పక్క సీటు అమ్మాయి కళ్ళు తిరిగి పడిపోతే ఆస్పత్రిలో దింపి గంట ఆలస్యంగా వచ్చింది. ఆయన లోపలుండి గడియ తియ్యలేదు. కూరగాయల సంచీతో రెండు గంటలు మెట్లమీద కూర్చుంది. పక్కింటావిడ అటుగా పోతూ ఏమ్మా ఇక్కడ కూర్చున్నావంటే, తాళంచెవి మర్చిపోయానండీ అని నవ్వింది. తలుపు తెరిచాక ముగ్గురికీ వంట చేసింది. దాని గురించి ఎవరూ మళ్ళీ మాట్లాడలేదు. దెబ్బ లేదు, తిట్టు లేదు, ఏమని చెప్పాలి? ఎవరైనా ఫోన్ చేసి తనకే ఈ సంగతి చెబితే తనూ ఏ నంబరు నొక్కుతుందో ఆమెకు తెలుసు.

అయిదోరోజు పొద్దున చెప్పుల దుకాణం ఆవిడ ఇంటి కిటికీలు ఎవరో పగలగొట్టారని తెలిసింది. టీవీలో చూపించారు. ఆవిడ దుపట్టా మొహానికి చుట్టుకుని పోలీసు బండి ఎక్కుతుంటే జనంలోంచి ఒకతను, వాడి పాపం నీదేనే, అని అరిచాడు. అత్తగారు అది చూసి, సర్దుకుపోయే రకం కాదు, మొహంలోనే తెలుస్తోంది, అంది. మొహం కనబడితే కదా.

అప్పుడు ఆమె టీవీ కట్టేసింది. రిమోటు ఆమె చేతికి రావడమే ఆ ఇంట్లో అరుదు కాబట్టి ఇద్దరూ తలెత్తి చూశారు.

"ఆ ఒకావిడ నేనే," అంది.

మొదట భర్త నమ్మలేదు. నమ్మాక, సొట్టపడ్డ బండి చుట్టూ తిరిగినట్టు ఆమె చుట్టూ తిరిగాడు. ఎన్నింటికి చేసింది, ఎంతసేపు మాట్లాడావు, ఇంకెవరైనా విన్నారా అని వరసగా అడిగాడు. అన్నింటికీ చెప్పింది. రాసింది మార్చేశారనీ, మాటల రికార్డు వేరే భవనంలో ఉంటుందనీ, నెల దాటితే చెరిపేస్తారనీ, మొదటి ఫోనుకి రేపటితో నెల నిండుతుందనీ కూడా చెప్పింది. ఆయన కూర్చుని మోకాళ్ళమీద చేతులు పెట్టుకున్నాడు. నెమ్మదిగా, నచ్చజెప్పే గొంతుతో మొదలుపెట్టాడు. నువ్వు ఆవిడనొక్కదాన్నే ఆపావు, మిగతావాళ్ళను ఆపలేదు, ఏడుగురి చావూ నీ మెడకే చుడతారు. ఉద్యోగం పోతుంది. పిల్ల బడికెళ్తే వేలెత్తి చూపిస్తారు. ఇంతకీ మొగుడూ పెళ్ళాల మధ్య తలదూర్చడానికి నువ్వెవరు?

ఏడుగురి మాట ఆయన కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అయిదు రోజులుగా కళ్ళు మూస్తే కౌంటరూ, దాని వెనక నెల కూడా నిండని ఉద్యోగంతో నిలబడ్డ పిల్లా కనబడుతున్నారు. రేపు వెళ్ళకండని చెప్పినప్పుడు, ఆవిడ వెళ్ళకపోతే ఆ స్థానంలో ఇంకొకరు ఉంటారన్న ఆలోచన తనకు రాలేదు. వచ్చుంటే ఇన్‌ఛార్జి బల్ల గుద్ది మాట్లాడేదా? ఏమో. తనమీద తనకే నమ్మకం లేదు.

ఆమె చెప్పులు వేసుకుంటుంటే ఆయన వెనకే గుమ్మందాకా వచ్చాడు. గొంతు మారింది. అత్తగారికి వినబడకుండా అడిగాడు.

"నా గురించి కూడా ఎవరికైనా చెప్పావా?"

ఆమె ఒంగి చెప్పు పట్టీ పెట్టుకుంటున్నదల్లా ఆగి, ఆయన మొహం చూసింది. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఆమెను సవాలక్ష ప్రశ్నలడిగాడు. అందులో భయపడి అడిగింది ఇదొక్కటే. అంటే మెట్లమీద రెండు గంటలు ఆయనకూ గుర్తున్నాయన్నమాట. అది చెప్పుకోదగ్గ విషయమేనని ఆయనకు మొదట్నుంచీ తెలుసన్నమాట. తెలియంది తనకే.

"ఇంకా లేదు," అని మెట్లు దిగింది.

పోలీసు కార్యాలయంలో గంటన్నర కూర్చోబెట్టారు. విచారణ చేస్తున్న అధికారి చత్వారం కళ్ళద్దాల పెద్దమనిషి, అంతా సొంత చేత్తో రాసుకునే అలవాటున్నవాడు. ఆమె చెప్పే మాటలను ఆయన పైకి కాదనలేదు, అవుననలేదు. మధ్యలో ఫోన్ చేసి రికార్డులు చెరపకుండా ఆపమని ఎవరికో గట్టిగా చెప్పాడు. మళ్ళీ కలం తీసుకున్నాడు. ఆవిడ మీకు ముందునుంచి పరిచయమా అన్నాడు, కాదంది. బంధువులా అన్నాడు, కాదంది. ఎవరైనా మీచేత ఇలా చెప్పిస్తున్నారా అన్నాడు, లేదంది. ఆయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని ఆమెను పరీక్షగా చూశాడు.

"రోజుకి ఇలాంటివి పది వస్తాయని మీరే అంటున్నారు. మరి వీడు నిజంగానే కాలుస్తాడని మీకెలా తెలిసిందమ్మా?"

"నాకు తెలియలేదండీ. ఆవిడకు తెలుసు. ఆవిడ చెప్పింది, నేను నమ్మాను."

 ఆయన ఆ మాట రాశాడు. కాగితం ఆమెవైపు తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. ఆమె మొదటినుంచీ చదివింది, ఒక్కో లైనూ, ఈసారి ఎవరూ ఏదీ మార్చలేదు కదా అని చూసుకుంటూ. చివరిదాకా వచ్చి కలం పక్కన పెట్టేసింది.

"ఇక్కడొకటి తప్పు పడిందండీ. నమ్మాను అని రాశారు. నేను సగమే నమ్మాను. పూర్తిగా నమ్మినదాన్నయితే పదకొండు నొక్కేదాన్ని కాదు. అది కూడా రాయండి, అప్పుడు పెడతాను సంతకం."