నిస్సీ కారుకు గాలి డబ్బా

ఎర్రగుంట్లలో ప్రొద్దుటూరు రోడ్డు మీద ఉంటుంది దాసన్న మెకానిక్ షెడ్డు. చేతికొచ్చిన బండిని మూడు రోజులకు మించి నిలబెట్టుకోడని ముప్పై ఏళ్లుగా ఆయనకు పేరు. అట్లాంటి షెడ్డులో ఒక మూల, నీలం టార్పాలిన్ కింద, ఒక చిన్న కారు ఏడాదిన్నరగా కదలకుండా ఉండిపోయింది.

అది ఆయన కూతురు నిస్సీది, అల్లుడు యేసుప్రసాద్‌ది. పెళ్లయిన రెండేళ్లకే నిస్సీకి మెదడు జ్వరం వచ్చింది. కడప ఆసుపత్రిలో నాలుగు రోజులుంది. ఐదో రోజు లేదు. సమాధి దగ్గర ప్రార్థన అయిపోయినాక ప్రసాద్ ఆ కారు తలుపు తీసి, మళ్లీ వేసేసి, తాళాలు మామ చేతిలో పెట్టి బస్సెక్కి పత్తికొండకు వెళ్లిపోయాడు. అక్కడ కరెంటాఫీసులో లైన్‌మన్ ఉద్యోగం అతనిది. దాసన్న కారు మీద టార్పాలిన్ కప్పాడు. ఆ తర్వాత మళ్లీ దాన్ని ముట్టుకోలేదు.

మొదట్లో ప్రతి ఆదివారం ప్రసాద్ ఫోన్ చేసేవాడు. తర్వాత నెలకొకసారి అయింది. ఈ మధ్య అదీ లేదు. అట్లాంటివాడు ఒక శనివారం పొద్దున కొత్త బ్యాటరీ భుజాన పెట్టుకుని షెడ్డు ముందు బస్సు దిగాడు.

"వందనాలు మామా. కారు తీసకపోదామని వచ్చినా. ఊరికే నిలబడి పాడయిపోతాంది కదా."

"పాడయితాది, ఎందుకు కాదు," అన్నాడు దాసన్న. 

ఇద్దరూ కలిసి టార్పాలిన్ లాగారు. దాసన్న బానెట్ ఎత్తి, గాలి ఫిల్టర్ ఉండే డబ్బా క్లిప్పులు ఊడదీశాడు. లోపల ఎలకలు కాపురం పెట్టాయి. ఫిల్టర్ కాగితం పొడి పొడిగా కొరికేసి ఉంది. డబ్బా మూలన పిడికిలంత బొక్క. ఇంజన్‌కు గాలి పోయే రబ్బరు పైపు సగం లేదు. తన షెడ్డులో, తన కళ్ల ముందర, ఒక బండికి ఈ గతి పట్టిందని దాసన్నకు తల కొట్టేసినట్టయింది.

గూటిని వేళ్లతో బయటికి లాగాడు. ఎండుగడ్డి, కాగితం ముక్కలు, వాటి మధ్య లేత పసుపు దారాలు, చిన్న చిన్న అద్దాలు కుట్టిన గుడ్డ పేలికలు.

"నిస్సీ చున్నీ మామా ఇది," అన్నాడు ప్రసాద్. "ఆసుపత్రికి పోయేటప్పుడు ఎనక సీట్లో పెట్టింది."

దాసన్న ఆ పేలికలను అరచేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ప్రసాద్ వాటిని తీసుకోబోయి, చెయ్యి వెనక్కి లాక్కుని, షెడ్డు వెనక్కి వెళ్లాడు. నీళ్ల తొట్టి దగ్గర చాలాసేపు ముఖం కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది. దాసన్న ఆ గుడ్డను గడ్డి లేకుండా ఏరి, షెడ్డు పక్కనున్న మల్లెచెట్టు మొదట్లో గుంత తీసి పూడ్చిపెట్టాడు. ఇంట్లో ఉన్న భార్య వరమ్మకు చెప్పలేదు.

కంపెనీ షోరూముకు ఫోన్ చేస్తే ఆ మోడల్ ఆగిపోయిందనీ, డబ్బా తెప్పించాలంటే నెల పడుతుందనీ చెప్పారు. బయటి కంపెనీవి కడపలో దొరుకుతాయి. కొరికిన పైపును కొలతకని సంచిలో వేసుకుని ఇద్దరూ బస్సెక్కారు. దారి పొడుగునా ప్రసాద్ ఏదో చెప్పబోయి ఆగిపోవడం, కిటికీలోంచి చూడటం దాసన్న గమనించాడు. నిస్సీ గుర్తొచ్చి ఉంటుందిలే అనుకున్నాడు.

కడపలో విడిభాగాల దుకాణం కౌంటరు మీద దుకాణదారు మూడు రకాలు పెట్టాడు. ఒకటి ఎర్రటి పుట్టగొడుగులాంటి ఫిల్టర్, మెరిసే పైపు. దానికి డబ్బా లేదు, అంతా బయటికే. రెండోది కింద బంపర్ దాకా దిగే పొడుగు పైపు, చల్లగాలి పీలుస్తుంది. మూడోది మామూలు నల్ల ప్లాస్టిక్ డబ్బా, లోపల కాగితం ఫిల్టర్. దాన్ని ఎవరూ రెండోసారి చూడరు.

ప్రసాద్ ఎర్రదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "ఇది పెడితే యాక్సిలేటర్ తొక్కంగానే బుస్సుమని మోత వస్తాదంట మామా. ఏది తీసుకుందాం, నువ్వు చెప్పు."

వీడికి మోత కావాల్సి వచ్చిందా అని దాసన్న మనసు చివుక్కుమంది. కానీ పనివాడు గదా, పని మాటే వచ్చింది నోటికి.

"ఊరికే ఏది బాగుండాదంటే ఎట్లప్పా చెప్పేది? ఎర్రది ఇంజన్ వేడిగాలి మింగుతాది. నూనె పూసిన జాలీ అది, గాలి కొలిచే సెన్సర్‌కు నూనె అంటుతాది. పొడుగుది పెడితే వానాకాలం వంక దాటేటప్పుడు నీళ్లు తాగుతాది. బండి యాడ తిరుగుతాది, ఎవరు తోలుతారు, అది తెలియాల ముందు."

"పత్తికొండ, ఆదోని. అప్పుడప్పుడు నంద్యాల."

"నంద్యాలలో ఏముండాది నీకు?"

ప్రసాద్ ఎర్ర ఫిల్టర్‌ను చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

"సరేలే. నువ్వొక్కనివే కదా తోలేది?"

"ఇంకొకరు గూడా తోలుతారు మామా." ఎర్ర ఫిల్టర్‌ను కౌంటరు మీద మెల్లగా పెట్టాడు. "కొత్తగా నేర్చుకుంటాండాది."

దాసన్నకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. పక్కన ఎవరో స్పార్క్ ప్లగ్గులు బేరమాడుతున్నారు. ఫ్యాన్ కిరకిరలాడుతోంది.

"ఎప్పుడప్పా?"

"వచ్చే నెల ఇరవైన. నంద్యాల చర్చిలోనే. పేరు ఆరాధన, నర్సు పని చేస్తాది. అమ్మ శానా రోజులుగా ఒకటే పోరు మామా. ఫోన్లో చెప్పేకి మనసు రాలా. ఎదురుగా చెప్దామని వచ్చినా. పొద్దున్నుంచి నోరు పెగల్లా."

ఆ మాటలు వింటూ దాసన్న నల్ల డబ్బా మూత తీసి, వేసి, మళ్లీ తీశాడు. వీనికి ముప్పై ఏళ్లు నిండలేదు. ఎంతకాలమని ఒంటరిగా ఉంటాడు? మళ్లీ పెళ్లి చేసుకోమని తానే వీనితో అనాల్సింది. తనే అంటాననీ, అప్పుడు తన మనసు తేలికవుతుందనీ అనుకున్నాడు ఎన్నోసార్లు. ఇప్పుడు చూస్తే, ముందుగా అనుకున్నవి ఒక్కటీ అక్కరకు రాలేదు. 

"కొత్తగా నేర్చుకునేవాళ్లయితే ఎర్రది అసలే వద్దు," అన్నాడు చివరికి. "మోతకు బెదురుకుంటారు. గేరు మార్చాల్నా వద్దా తెలియక తికమక పడతారు. నల్లదే తీసుకో."

"సరే మామా."

"మా దిక్కు వస్తాంటావా ఎప్పుడన్నా?"

"అదేం మాట మామా? రాకుండా ఎట్లుంటా?"

దాసన్న దుకాణదారు వైపు తిరిగాడు. "దీంట్లోకే మందం ఫిల్టర్ ఉంటాది చూడు, మా ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ముకు తట్టుకునేది. అది ఇయ్యి."

"బండి పత్తికొండది అంటాండారు కదన్నా. ఆడికి అంత మందం అక్కర్లేదు. పికప్ కొంచెం తగ్గుతాది," అన్నాడు దుకాణదారు.

"అదే ఇయ్యప్పా," అన్నాడు దాసన్న.

తిరిగొచ్చి మధ్యాహ్నమంతా బిగించారు. డబ్బా చెవి ఒకటి బోల్టుకు సరిగా రాకపోతే దాసన్న ఆకురాయితో అరగదీసి సరిచేశాడు. పైపు కిందికి వంగకుండా పట్టీ వేశాడు. ఎన్ని వేల కిలోమీటర్లకు ఫిల్టర్ దులపాలో, ఎట్లా దులపాలో రెండుసార్లు చెప్పాడు. ప్రసాద్ రెండుసార్లూ తలూపాడు. బండి మూడో ప్రయత్నానికి అందుకుని, దగ్గి, నిలదొక్కుకుంది.

"ఒక చుట్టు తోలు మామా," అని తాళాలు చాచాడు ప్రసాద్.

"వద్దులే. నువ్వు బయలుదేరు, శానా దూరం పోవాల."

వరమ్మ టిఫిన్ క్యారియర్‌లో రాగి సంగటి, కోడికూర పెట్టి తెచ్చింది. "గిన్నెలు తెచ్చియ్యాల్నని తిరగొద్దప్పా, నీ దగ్గరే పెట్టుకో," అంది. ప్రసాద్ ఆమె రెండు చేతులూ పట్టుకుని తల వంచుకున్నాడు. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టి, పెదవులు కదిలీ కదలకుండా ప్రార్థన చేసింది. కారు రోడ్డెక్కి లారీల మధ్య కలిసిపోయింది.

షెడ్డు మూలన కారు నిలబడిన చోట నాలుగు టైర్ల కింద నేల మాత్రం నల్లగా ఉంది. మిగిలినదంతా తెల్లటి దుమ్ము. దాసన్న చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టాడు.

"వరమ్మా, నీకొక మాట చెప్పాల," అన్నాడు వంచిన తల ఎత్తకుండా.

"పెండ్లి సంగతే కదా? నాకు తెలుసు. వాళ్లమ్మ నెల కిందటే ఫోన్ చేసింది."

"నాకెందుకు చెప్పలా?"

"నువ్వు తట్టుకోలేవని." ఆమె గడప మీద కూర్చుంది. "పిల్ల ఎట్లుంటాదంట?"

"అడగలా."

"పేరన్నా అడిగినావా?"

"ఆరాధన."

వరమ్మ ఆ పేరును ఒకసారి మెల్లగా పలికింది. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దాసన్న చీపురు పక్కన పడేసి ఆమె దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. 

ఇరవయ్యో తేదీ వరమ్మ ఒక్కతే నంద్యాల వెళ్లింది. దాసన్న ఆటో ఇంజన్ ఒకటి విప్పి పెట్టుకుని, ఆ పని వదిలి రాలేనన్నాడు. నిజానికి ఆ ఆటోవాడు తొందరేమీ పెట్టలేదు. సాయంత్రం వరమ్మ వచ్చి చెప్పులు విడుస్తూ చెప్పింది.

"మంచి పిల్లయ్యా. నేనెవరో తెలుసుకుని వచ్చి నా పక్కన కూచుంది. వాళ్లింట్లో నిస్సీ ఫొటో తీసేయొద్దని తనే చెప్పిందంట, గోడకు అట్లనే ఉండనీ అని. నాకు ఏడుపు ఆగలా. అందరి ముందరా ఏడ్చినా."

దాసన్న గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ విన్నాడు.  "నేను గూడా వచ్చి ఉండాల్సింది. ఇంకోసారి పోయినప్పుడు వస్తాలే."

వరమ్మ చెంబుతో కాళ్ల మీద నీళ్లు పోసుకుంటోంది.

"ఇంకోసారి ఎందుకు పోతామయ్యా," అంది. "మనకు ఆడ ఇంకేం పని ఉండాది?"