పసుపు దారం కట్టిన పెట్టె

తూకం గది కిటికీలో ఎర్ర అంకెలు వెలుగుతూనే ఉన్నాయి. తూకం బల్ల మీదున్న లారీ బరువెంతో దారిన పోయేవాడికి కూడా కనబడుతోంది. కనబడనిది ఆఫీసులో కూర్చున్న కంప్యూటరు ఒక్కదానికే. కంపెనీ లెక్క ప్రకారం ఆ మహాతల్లి చూడని బరువు లోకంలో లేనట్టే.

నరసింహ ఆ అంకెల వైపు చూడడం మానేశాడు. ఈ దీవిలోని సెయంగంగా ఊరి చెరుకు రైతుల కోసం ఓ చిన్న కంపెనీ పెట్టిన ఆ తూకం స్టేషన్లో వైర్లూ యంత్రాలూ చూసుకునేది అతనే. లారీ పక్కన నేల మీద చతికిలబడి ఉన్నది అతని అక్క కౌశల్య.

"తమ్ముడా, ఇంకా కాలేదా? గన్నా పులుస్తా ఉండాది రా."

"చూస్తా ఉండా అక్కా. కొంచెం ఆగు."

ఆగు, ఆగు. మొన్నటినుంచీ అతని నోట ఆ ఒక్క మాటే. చెప్పి చెప్పి అతనికే రోత పుట్టింది. అక్క చెరుకు మామూలు చెరుకైతే ఆగేది. ఎవరో పక్క పొలంలో చెత్త తగలబెడితే గాలికి మంటలు ఇటు దూకి, ఆమె చేను సగం కాలిపోయింది. కాలిన చెరుకు నిలవుండదు. వెంటనే గానుగలో పడాలి, లేకపోతే లోపలి రసం పులిసిపోతుంది. పైగా కౌశల్యకి ఇదే ఆఖరి పంట. ముప్పై ఏళ్ల లీజు ఈ వారంతో చెల్లిపోయింది. భూమి హక్కుదారులు మర్యాదగానే వచ్చారు, చాప మీద కూర్చుని యంగోనా వేరు నూరిన నీళ్లు తాగారు, "ఇక మా పిల్లలు సాగు చేసుకుంటారు" అన్నారు. మంచివాళ్లే. మంచివాళ్లతో తగువు పెట్టుకునేదెట్లా? భర్త పోయిన తర్వాత ఒంటి చేత్తో చేసిన ఆ పొలాన్ని వదిలి ఆమె అవతలి దీవిలోని నమాకాలో కూతురి దగ్గరికి పోవాలి. పోయేముందు ఈ ఒక్క పంట చేతికి రావాలి. ఆమెకున్న ఆశ అంతే.

తక్కిన రైతులు తూకం నుంచి ఆఫీసుకి పోయే లైను పనిచెయ్యడం లేదని తెలిసి కోతలు ఆపుకుని ఇంట్లో కూర్చున్నారు. వేరే తూకం దగ్గరికి పోదామంటే ఆమె పేరు రాసి ఉన్నది ఇక్కడే.

నరసింహ ఇంకోసారి ఆఫీసు చివరికి వెళ్లి మీటరు పెట్టాడు. తూకం గది నుంచి ఆఫీసు దాకా పోయేవి రెండే రెండు వైర్లు. ఆ చివర ఒక చిన్న రెసిస్టరు, ఈ చివర ఒకటి. లైను బాగుంటే రెండూ కలిసి మీటరులో అరవై ఓములు కనబడాలి. నూట ఇరవై కనబడుతోంది. అంటే అవతలి చివర ఉన్న రెసిస్టరు మీటరుకి అందడం లేదు. దారిలో ఎక్కడో తెగింది. ఇది తెలుసుకోడానికి రాజధాని సువాలో చదవక్కర్లేదు, అతను మొదటి రోజే తెలుసుకున్నాడు.

తెలిసి కూడా ఏం చేశాడు? తూకం యంత్రం చేసినవాడు ఏ అని పేరు పెట్టిన వైరుని కంప్యూటరు చేసినవాడు బి అంటాడేమోనని వైర్లు అటూ ఇటూ మార్చాడు. మాట నెమ్మదిగా పంపితే అందుతుందేమోనని వేగం తగ్గించాడు. కంప్యూటరులో కొత్త కార్డు పెట్టాడు. ఆఖరికి, ఎలుక కొరికిందేమోనని పార పట్టుకుని భూమిలో పాతిన కేబులు వెంట కందకం తవ్వాడు. నిన్నంతా తవ్వాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. కేబులు చూస్తే కొత్త పెళ్లికూతురిలా నిగనిగలాడుతోంది.

ఇక మిగిలింది ఒక్కటే. తూకం గది బయట ఇనప స్తంభానికి బిగించిన పెట్టె. అందులోకి రెండు వైర్లు వస్తాయి, మధ్యలో పిడుగుల నుంచి కాపాడే చిన్న కార్డుంటుంది, అవతలి నుంచి రెండు వైర్లు పోతాయి. ఆ పెట్టెకి పసుపు దారం చుట్టి ఉంది. దారానికి ఎండిన మామిడాకు.

ఆ ముడి వేసింది నాయన వీరస్వామి.

ప్రతి ఏడూ కోతల మొదట్లో తూకానికి పూజ చేసేది ఆయనే. పాత రోజుల్లో పెద్ద ఇనప కాటా ఉండేది. దాని మీద కొబ్బరికాయ కొట్టి నీళ్లు పోసి, కుంకం పెట్టి, పసుపు దారం కట్టేవాడు. సీజను ముగిసేదాకా ఆ దారం ఎవరూ ముట్టకూడదు, ముగిశాక విప్పి ఏట్లో కలపాలి. ఇనుముకి కొబ్బరినీళ్లేం చేస్తాయి? ఏమీ చెయ్యలేదు. ఈ జూన్‌లో కొత్త తూకం వచ్చింది. ముసలాయన చుట్టూ తిరిగి చూసి, "దీని ప్రాణం ఏడుండాది రా?" అని అడిగాడు.

నరసింహకి ఛాతీ పొంగింది. నాయన తన పని గురించి అడగడం అదే మొదలు. మూత తీసి మరీ చూపించాడు. "ఈడ నాయనా. తూకం ఆఫీసుతో మాట్లాడేది ఈడ నుంచే."

"అట్లయితే పూజ కూడా ఈడనే," అని నాయన ఆ స్క్రూలకి కుంకం పెట్టి, కొబ్బరినీళ్లు దోసిట్లో పట్టి లోపలికి వదిలాడు. నరసింహ చేతులు జోడించి నిలబడ్డాడు. తరవాత గుడ్డతో తుడిచాడు, తుడిచానని అనుకున్నాడు. మూత పెట్టాక నాయన దారం చుట్టి, వణికే వేళ్లతో ముడి మీద ముడి వేశాడు. ఆగస్టులో ఆయన పోయాడు. చితి దగ్గర అక్క ఏడుస్తూ అన్నది: "నాయన చేత్తో కట్టింది అదొక్కటే మిగిలింది రా. సీజను అయినాక నువ్వూ నేనూ పోయి ఏట్లో కలుపుదాం."

ఆ దారం ముట్టలేకే కందకం తవ్వాడు. ఇప్పుడు ఆ స్తంభం ముందు నిలబడి ముడినే చూస్తున్నాడు.

సూపర్వైజరు రామ్ లాల్ గొడుగు వేసుకుని వచ్చాడు. చెడ్డవాడేం కాదు.

"రామ్ లాల్ భాయ్, అంకె కనబడుతోంది కదా. చేత్తో రాసుకో. మా అక్క కోసం," అని నరసింహ బతిమాలుకున్నాడు.

"నంబర్ నై ఆయిస్, తో తౌల్ నై భైస్, భయ్యా," అన్నాడు రామ్ లాల్. అంకె చేరకపోతే తూకం జరగనట్టే. చేతిరాత చీటీల మీద పెద్ద తగాదాలు జరిగాకే కంపెనీ ఈ యంత్రం పెట్టింది. "నా ఉద్యోగం పోతుంది. నేనేం చెయ్యను, చెప్పు?"

ఎవడూ ఏమీ చెయ్యలేని రోజులు కొన్ని ఉంటాయి. అందరూ మంచివాళ్లే అయి ఉంటారు, పని మాత్రం జరగదు.

కౌశల్య లేచి వచ్చింది. తమ్ముడు పెట్టె వైపు చూస్తూ నిలబడ్డం ఆమె నిన్నటి నుంచీ గమనిస్తూనే ఉంది.

"అందులోనే ఉండాదా?"

అతను నేల చూశాడు. "అందులోనే అనుకుంటా ఉండా."

"ఎప్పటినుంచి అనుకుంటా ఉండావు?"

అతను బొబ్బలెక్కిన అరచేతులు వెనక్కి దాచుకున్నాడు. ఆమెకి అది చాలింది.

"దారం కోసం ఆగినావా? నా కోసం ఆగినావా?" ఆమె అతని భుజం పట్టి కుదిపింది. "పిచ్చోడా, నాతో ఒక మాట చెప్పొచ్చు కదా! నాయన ఉంటే ఆయనే కోసేసేవోడు."

లారీ డ్రైవరు లచ్మన్ సీటు కింద ఉన్న చెరుకు కత్తి ఆమే తెచ్చింది. ఆమే దారం కోసింది. మామిడాకు పొడిపొడి అయి రాలింది. దారాన్ని కొంగుకి ముడేసుకుని పక్కకి జరిగింది.

నరసింహ మూత తీశాడు. లోపల స్క్రూల మీద పచ్చగా చిలుం పెరిగి, కుంకం గడ్డకట్టి, కార్డు మీద తెల్లటి పొర పట్టి ఉంది. వేలితో ముట్టుకుంటే ఒక వైరు పుల్లలా ఊడి చేతిలోకి వచ్చింది. ఆ వాసనకి అతనికి జూన్‌లో నాయన దోసిలి గుర్తొచ్చింది. కార్డు పనికిరాదు, ఇంకోటి సువా నుంచి రావాలి. అయినా పిడుగులు లేని రోజున దానితో పనేముంది? కార్డు తీసి పారేశాడు. నాలుగు వైర్లనీ తెల్లగా గీకి, ఇటువి అటువాటితో మెలిపెట్టి, టేపు చుట్టాడు. ఒక కప్పు టీ తాగే సేపు కూడా పట్టలేదు.

ఇంతేనా? ఇంతకేనా కందకం తవ్వింది? అతనికి అక్కడే కూలబడి తల బాదుకోవాలనిపించింది.

ఆఫీసు కిటికీలోంచి గుమస్తా రాజ్ కుమారి చెయ్యి ఊపింది. "ఆయ్ గయా! నంబర్ ఆయ్ గయా!"

కౌశల్య పేరు, లారీ నంబరు, బరువు, అన్నీ తెర మీదికి ఒక్కసారే వచ్చాయి. కౌశల్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది, ఎవరికో తెలియదు. నరసింహ కూడా ఒక్క క్షణం నవ్వాడు.

తూకం అయితే నాణ్యం చూడాలి. రామ్ లాల్ లారీ ఎక్కి, మధ్యలోంచి ఒక గడ లాగి, చీల్చి వాసన చూశాడు. ఇంకో గడ లాగాడు. మూడోది నమిలి ఉమ్మేశాడు. చాలాసేపు దిగలేదు. దిగడానికి ఇష్టం లేనట్టు అక్కడే నిలబడ్డాడు.

"కౌశల్యా దీదీ," అన్నాడు చివరికి, "ఖట్టా హోయ్ గయా. మొత్తం పులిసిపోయింది. నేను పాస్ చేసినా మిల్లు వాళ్లు వెనక్కి పంపుతారు. నిన్న వచ్చుంటే..." అని ఆగిపోయాడు. ఆమె నిన్న కూడా ఇక్కడే ఉందని అతనికి గుర్తొచ్చింది.

నరసింహ ఒక అడుగు ముందుకి వేశాడు. తప్పంతా తనదేనని చెప్పాలనుకున్నాడు, చెప్తే మాత్రం చెరుకు మళ్లీ తీపెక్కుతుందా? కౌశల్య ఏడవలేదు. కాలిన గడల మసి అంటిన చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఆ దారం ముడి దగ్గర ఆగింది.

లైను బాగైందన్న కబురు అప్పుడే పాకినట్టుంది, రోడ్డు మీద ఒక లారీ వచ్చి ఆగి హారన్ కొట్టింది. పచ్చటి చెరుకు, పొద్దున కోసింది. వెనకే ఇంకొకటి. లచ్మన్ ఇంజను స్టార్టు చేసి కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"దీదీ, బల్ల ఖాళీ చెయ్యాలంట. ఈ మాల్ ఎక్కడ పడెయ్యాలి? మీ ఖేత్‌లోనేనా, ఆ పొలంలోనే?"

కౌశల్య తమ్ముడి వైపు తిరిగింది. చిన్నప్పుడు దారి తప్పితే వాడి చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చింది ఆమే. ఇప్పుడు ఆమే అడిగింది:

"ఖేత్ మనది కాదు కదరా. ఎక్కడ పొయ్యమని చెప్పేది?"

అతను చుట్టూ చూశాడు. అతనుండేది కంపెనీ ఇచ్చిన ఒంటిగది, దాని ముందు పొయ్యడానికి చోటే లేదు. లచ్మన్ ఎటు పోవాలో తెలియకుండానే లారీని ముందుకి నడిపాడు. కిటికీలో ఎర్ర అంకెలు సున్నాకి దిగాయి. అదే క్షణాన ఆఫీసులోంచి రాజ్ కుమారి సంతోషంగా అరిచింది, సున్నా కూడా సరిగ్గా అందుతోందని.