ఎండలో కనపడని పచ్చ

మాధవరంలో కాశన్న ఇంటికి నూలు వచ్చిందంటే అది తిన్నగా మగ్గం ఎక్కదు. ముందు వాకిట్లోకి రావాలి. కాశన్న కూతురు రాజేశ్వరి దాన్ని వేళ్ల మీద పరుచుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, సరేననాలి. చీర అంచుకు వేసే దారం అయిపోయి అదే రంగు మళ్లీ తెప్పించినప్పుడు, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి తేడా ఉందో లేదో తేల్చేది ఆ పిల్లే. దీపం కింద రంగు చూడకూడదు. నీడలో అసలు చూడకూడదు. పొద్దు బాగా ఎక్కాక, ఎండకు ఏదీ అడ్డం లేకుండా చూడాలి. ఆ ఇంట్లో దీనికి తిరుగులేదు. ఒకసారి అద్దకం వాళ్లు రెండు ఎరుపుల చిలపలు, అదే నూలు కట్టలు, కలిపి పంపేస్తే, అప్పుడు ఎనిమిదో తరగతి చదివే రాజేశ్వరి గడప మీద కూర్చుని, మధ్యాహ్నం సంగటి వేళకల్లా దేనికది వేరు చేసి పెట్టింది. ఆ రోజు నుంచి కాశన్న తన కళ్లను పక్కన పెట్టి కూతురి కళ్లతోనే బతుకుతున్నాడు.

అటువంటి పిల్లకు రంగులు కనపడవని కడప కాలేజీలో క్లాసంతా వింటుండగా తేల్చేశారు.

అది రెండువేల మూడు. రాజేశ్వరి బియస్సీ మొదటి సంవత్సరం. పొద్దున్నే ఒంటిమిట్ట వైపు నుంచి వచ్చే బస్సులో కిటకిటలాడుతూ కాలేజీకి వచ్చేది. అన్ని పాఠాల్లోకీ ఆమెకు ఇనార్గానిక్ కెమిస్ట్రీ మీద మనసు పడింది. ఆవర్తన పట్టికను మొదటిసారి గోడకు తగిలించినప్పుడు మిగతా పిల్లలకు గుండెలు జారిపోతే, ఆమెకు మాత్రం ముచ్చటేసింది. ఏ మూలకం ఏ వరుసలో కూర్చుందో చూస్తే చాలు, దాని గుణం సగం చెప్పేయొచ్చు. ఒకే నిలువు వరుసలో ఉన్నవాళ్లు ఒకింటి అక్కచెల్లెళ్ల తీరున నడుచుకుంటారు. కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం అట్లాంటి ముగ్గురు. ముగ్గురి లవణాలూ తెల్లటి పొడులే, ఎవరు ఎవరో చూస్తే తెలియదు. తీగకు కాస్త అంటించి గ్యాసు మంటలో పెడితే మాత్రం బండారం బయటపడుతుంది. కాల్షియం ఇటుక ఎరుపు, స్ట్రాన్షియం కెంపు ఎరుపు, బేరియం ఆపిల్ పచ్చ అని పుస్తకంలో ఉంది. ఆపిల్ పండు పచ్చగా ఉండటం కడప బజారులో ఎవరూ చూసి ఎరగరు గానీ, పుస్తకం అన్నాక నమ్మాలి కదా.

ల్యాబులో మొదటి రోజు తలా ఒక చోటు చూసుకోమన్నారు. అందరూ ఎండ పడని చోటు కోసం తోసుకుంటుంటే రాజేశ్వరి పరుగున పోయి కిటికీ ముందరి బల్ల పట్టుకుంది. రంగులు చూసే పని ఉన్నప్పుడు వెలుతురు వదులుకునేంత తెలివితక్కువది కాదామె. కిటికీ బయట ఎదురుగా సున్నం కొట్టిన గోడ, దాని మీద కడప ఎండ. వాళ్ల వాకిలి కన్నా ధగధగలాడుతోంది. స్నేహితురాలు శ్రీవాసవి, ఎండకు మాడిపోతావే అని నెత్తీ నోరూ కొట్టుకుంది. రాజేశ్వరి వినలేదు.

మంటల పరీక్ష పెట్టిన రోజున ఆ వినకపోవడం తలకు చుట్టుకుంది. ల్యాబు చూసే ఏసురాజు సారు తలా కొన్ని సీసాలిచ్చి, ఏ సీసాలో ఏ లోహం ఉందో చెప్పమన్నాడు. నలుమూలలా పిల్లలు ఎరుపనీ పచ్చ అనీ రాసేస్తున్నారు. రాజేశ్వరి తీగను మంటలో పెట్టి కళ్లు చికిలించి చూసింది. మంట ఉన్నట్టే ఉంది, రంగు మాత్రం లేదు. తీగ కడిగి మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. ఏసురాజు సారు వచ్చి, కిటికీకి వీపు ఆనించి, మంటకు కాస్త పక్కగా, ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు.

"ఏం రంగు కనపడిందమ్మా?"

"రంగేమీ లేద్సార్."

"సరిగ్గా చూడమ్మా."

"చూస్తాండా సార్. ఏమీ కనపడల్యా."

సారు ఇంకో సీసాలోంచి అంటించి తానే తీగ పట్టుకున్నాడు. ఆమె మళ్లీ లేదంది. సారు మొహంలో కోపం లేదు, జాలి వచ్చింది. అదే ఆమెకు ఎక్కువ నొప్పి అయింది. ఆయన మంచివాడే, గొంతు మాత్రం చర్చిలో వెనక వరుసకు కూడా వినపడేటంత పెద్దది. నీ తప్పేం లేదమ్మా, కొందరికి పుట్టుకతోనే రంగులు తెలియవు, ఆడపిల్లల్లో అరుదే గానీ ఉంటుంది అని ఆయన ఓదారుస్తుంటే, ఆ ఓదార్పు వరండాలో పోయేవాళ్లు కూడా విన్నారు. దీపావళి సెలవులయ్యాక ఇంకోసారి పరీక్ష పెడతానన్నాడు. అప్పుడూ కనపడకపోతే పెద్దాసుపత్రిలో కళ్లు చూపించుకుని, కెమిస్ట్రీ వదిలి బి.ఏ.లోకి మారడం మేలని చెప్పాడు.

ఇక చూడండి ఆ పిల్ల అవస్థ. బస్టాండుకు పోయే దారంతా ఎదురొచ్చిన ప్రతిదాని రంగూ శ్రీవాసవిని అడగడమే. ఆ ఆటో ఏం రంగే అంటే పసుపంది. ఏం పసుపు అంటే, పసుపంటే పసుపేనే తల్లీ అంది. శ్రీవాసవిది వై.వి. స్ట్రీట్‌లో కిరాణా అంగడి పెట్టుకున్న ఇల్లు. కందిపప్పు నాణ్యం చేత్తో పట్టి చెప్పగలదు గానీ, రంగుల దగ్గరికి వస్తే ఆమెకు లోకంలో ఉన్నవి ఆరో ఏడో. అట్లాంటిదాన్ని సాక్ష్యం అడిగి ఏం లాభం?

ఇంటికి పోతే కాశన్న వాకిట్లో కొత్త చిలప పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. చిలకపచ్చ. సగం నేసిన చీర అంచుకు కావాల్సింది. రాజేశ్వరి దాన్ని ఎండలో పరిచింది. పాతదానికీ దీనికీ తేడా లేదని ఆమె కళ్లు చెప్పాయి. అయినా దాన్ని తండ్రి ముందుకు జరిపింది.

"నాయనా, ఈ తూరి నువ్వే చూడు."

కాశన్న నవ్వాడు. "నా కండ్లను నేనెప్పుడో నమ్మేది మానేసినా పాపా. నువ్వు సరే అంటే నేస్తా, అంతే."

సరేనంది. అని, లోపలికి పోయి కూర్చుంది. తల్లి అంజనమ్మ వేడి సంగటి ముద్ద పెట్టి, నంజుకోవడానికి చెనక్కాయల ఊరిబిండి వేస్తే ముట్టలేదు. కెమిస్ట్రీ పోతే పోనీ, బి.ఏ. చదివినవాళ్లు బతకడం లేదా? ఆమె దిగులు అది కాదు. తన కళ్లు అబద్ధమైతే ఇన్నాళ్లూ తాను సరేనన్న చీరలన్నీ ఏమైనట్టు? తండ్రి ఎవరిని నమ్మి నేసినట్టు? ఆ ఆలోచన వచ్చేసరికి ఆమెకు ఏడుపు ఆగలేదు. తల్లి అడిగితే కాలేజీలో చదువు ఎక్కువైందని చెప్పింది.

దీపావళికి ముందురోజు శ్రీవాసవి బలవంతాన అంగడికి రమ్మంది. పండగ వస్తే వాళ్ల నాన్న కేశవయ్య అంగడి ముందర బల్ల వేసి టపాసులు అమ్మేవాడు. మిట్టమధ్యాహ్నం, బజారు కిక్కిరిసి ఉంది. రాజేశ్వరి వెళ్లేసరికి కమలాపురం నుంచి వచ్చిన గిడ్డమ్మ అనే పెద్దావిడ కేశవయ్యతో తగువేసుకుంటోంది. మనవరాళ్లకు రంగు అగ్గిపెట్టెలు తీసుకుని, మంచివో కావో చూద్దామని బల్లకు దూరంగా పోయి నడివీధిలో ఒక పుల్ల గీసిందట. పచ్చ మంట రాలేదట. పెట్టె మీద పచ్చ అని రాసుంది గదమ్మా అని కేశవయ్య. పెట్టె మీద రాస్తే మంట పచ్చగా అయిపోతుందా అని ఆవిడ. ఇంకో పుల్ల గీయించాడు. కేశవయ్య వంగి చూశాడు, శ్రీవాసవి చూసింది, పక్కన మామిడాకులు అమ్మేవాళ్లూ చూశారు. ఎవరికీ పచ్చ కనపడలేదు.

రాజేశ్వరి అందరి మొహాలూ చూసింది. ఇంతమందికీ ఒక్కసారే రంగులు తెలియకుండా పోయాయా? కేశవయ్య చేతిలోని పెట్టె అడగకుండానే లాక్కుని, పక్క సందులో మేడమెట్ల కిందికి దూరింది. అక్కడ పట్టపగలు కూడా మసక చీకటి. పుల్ల గీసింది.

పచ్చ! చిలకపచ్చ కాదు, నిమ్మపచ్చా కాదు. అరటి మొవ్వ విచ్చుకునేటప్పుడు లోపల కనపడే లేత పచ్చ. పుల్ల వేలిదాకా కాలి చురుక్కుమనేంతవరకూ ఆమె దాన్ని వదల్లేదు. ఇంకొకటి గీసింది. ఇంకొకటి. గిడ్డమ్మను చెయ్యి పట్టుకుని మెట్ల కిందికి లాక్కొచ్చి చూపిస్తే, ఆవిడ నోరు తెరిచి, ఇంకో నాలుగు పెట్టెలు కట్టమని కేశవయ్యను ఆజ్ఞాపించింది.

రాజేశ్వరి ఆ మెట్ల కిందే కూర్చుని నవ్వింది. కిటికీ. పాడు కిటికీ చేసిన పనే ఇదంతా. దారానికి తనదంటూ వెలుగు లేదు, ఎండ ఉంటేనే దాని రంగు కనపడుతుంది. మంటకు తన వెలుగు తనకే ఉంది, ఎండ ముందర నిలబెడితే అది వెలవెలబోతుంది. ఇంట్లో నేర్చుకున్నది తప్పు కాదు, తాను దాన్ని మోసుకొచ్చి పెట్టిన చోటు తప్పు. ఆమెకు ఎంత తేలికనిపించిందంటే, ఆ పూట శ్రీవాసవి వాళ్లమ్మ పెట్టిన బొబ్బట్లు లెక్క చూడకుండా తినేసింది.

సెలవులయ్యాక ల్యాబులో ఏసురాజు సారు సీసాలు పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. రాజేశ్వరి కదలలేదు. నల్ల బీరువా పక్కనున్న మూలలో చేస్తానంది. అంత చీకట్లో నీకింకేం కనపడుతుందమ్మా అని ఆయన బాధపడ్డాడు. అయినా కాదనలేదు.

మొదటి తీగ మంటలో పెట్టగానే బేరియం అంది. రెండోది కాల్షియం. సారు కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఎవరైనా చెప్పి పెట్టారేమోనని అనుమానమొచ్చి, బీరువా తాళం తీసి వేరే సీసా ఇచ్చాడు.

"కెంపు సార్, స్ట్రాన్షియం. అంచున మాత్రం పసుపు జీర ఒకటి ఉండాది. అది దీనిది కాదు, ముందు ఎవరో సోడియం పెట్టి తీగ సరిగా కడగల్యా."

ల్యాబంతా పని ఆపి చూస్తోంది. రాజేశ్వరి సారును తన పాత బల్ల దగ్గర, ఆ రోజు తాను నిలబడిన చోట నిలబడమని బతిమాలింది. బర్నరు కిటికీ ముందరికి జరిపి, బేరియం అంటించిన తీగ మంటలో పట్టుకుంది. ఏసురాజు సారు చూశాడు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఎదురుగా సున్నపు గోడ భగభగలాడుతోంది.

"రంగు లేదు," అన్నాడు నెమ్మదిగా. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని క్లాసుకు అప్పుడే తెలిసింది.

ఆయన బల్ల చుట్టూ తిరిగి కిటికీకి వీపు పెట్టి చూశాడు. వెనక నల్ల బీరువా, దాని ముందర పచ్చటి మంట. మళ్లీ ఇవతలికి వచ్చాడు. పచ్చ పోయింది. రెండు మూడుసార్లు అట్లా ప్రదక్షిణాలు చేసి, ఉన్నట్టుండి బల్ల మీద చరిచి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకు పరీక్షనాళికలు గలగలమన్నాయి, పిల్లలూ నవ్వేశారు.

"పొరపాటు నాదేనమ్మా. ఆ పొద్దు నేను ఆ పక్కనుంచి చూసినా, నువ్వు ఈ పక్కనుంచి చూసినావు. నువ్వు కనపడింది కనపడినట్టే చెప్పినావు." ఈసారి ఆయన తన పాత గొంతుతోనే అన్నాడు. వరండాలో పోయేవాళ్లూ విన్నారు. రాజేశ్వరికి కళ్లు చెమర్చాయి, సంతోషం పట్టలేక తల వంచుకుంది.

ఇక ఆ కిటికీ సంగతి చూడాలి కదా. రేపటి నుంచి ఎవరికీ ఈ తిప్పలు వద్దనుకుని సారు అడిగాడు. "మీ ఇంట్లో మగ్గముండాది గదమ్మా. కిటికీకి కట్టడానికి ఒక నల్ల గుడ్డ నేయించుకురా."

రాజేశ్వరి తలెత్తి, వాకిట్లో చిలప పట్టుకున్నప్పటి మొహంతో అడిగింది. "ఏ నలుపు సార్?"

"నలుపులో కూడా రకాలుంటాయా?"

"కాటుక నలుపు వేరు సార్, నేరేడు నలుపు వేరు. కాకి నలుపు శానా బాగుంటాది గానీ ఎండకు తొందరగా ఎలిసిపోతాది."

ఏసురాజు సారు ఆమె కళ్లకేసి కాసేపు చూశాడు.

"నువ్వు ఏది సరే అంటే అదే తీసుకురామ్మా," అన్నాడు.